గురవమ్మ రాగం

పాళెంలో మాల్యాద్రులు ముగ్గురున్నారు. ఒకడు పొట్టి మాల్యాద్రి, ఒకడు కొత్తిల్లు మాల్యాద్రి, మూడోవాడు గిటారు మాల్యాద్రి. ఈ మూడోవాడు గిటారు ముట్టడం మానేసి ఏళ్ళు గడిచినా పేరు మాత్రం అతన్ని వదల్లేదు. కోట ఊరి సంతలో పాత పరిచయస్థుడెవడైనా "ఏం గిటారు మాల్యాద్రీ!" అని కేకేస్తే విననట్టే నడిచిపోతాడు. మనిషికి పొగరని వాళ్ళు అనుకుంటారు. పొగరు ఉండేది, లేదనను. మైకు ముందు కూర్చున్న రోజుల్లో బోలెడంత ఉండేది. ఇప్పుడు ఉన్నది సిగ్గు.

కోటకు తూర్పుగా పోయి ఇసుక దిబ్బలు దాటితే ఆ పాళెం. చేపలు పట్టి బతికేవాళ్ళ ఊరు. మాల్యాద్రికి తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే అక్క గురవమ్మే పెంచింది. ఆమెకు ఆ ఊళ్ళోనే చిన్నపోలయ్యతో పెళ్ళయితే, తమ్ముడి చెయ్యి పట్టుకునే కాపురానికి పోయింది. పెళ్ళికూతురి వెంట మూటాముల్లే రావడం చూశాంగానీ బావమరిది రావడమేందని జనం ఎగతాళి చేశారు. "మూటయితే మూల కూర్చుంటది, వీడు తిరగతాడు. అంతేగదా తేడా!" అని నవ్వేశాడు చిన్నపోలయ్య. ఆ మాటతో మాల్యాద్రికి బావంటే ప్రాణమైపోయింది.

పాటల పిచ్చి అతనికి ఎప్పుడు పట్టిందో చెప్పడం కష్టం. ఒడ్డున వల లాగేటప్పుడు మగవాళ్ళు పాట అందుకుంటే, తాడు వదిలేసి నోరు తెరుచుకుని నిలబడేవాడు. "వీడు లాగను వచ్చినాడా, వినను వచ్చినాడా?" అని పెద్దవాళ్ళు తిట్టేవాళ్ళు. కోటలో కాఫీ హోటలు ముందునుంచి పోవాల్సి వస్తే ఇంకా కష్టం. లోపల రేడియో పాడుతుంటే బావ వచ్చి రెక్క పట్టుకుని లాక్కుపోవాల్సిందే.

యాభై ఏడు వేసవిలో చిన్నపోలయ్య ఎండుచేపలు బండికెత్తుకుని గూడూరు పోతూ బావమరిదిని వెంట తీసుకుపోయాడు. సంత ముగిశాక ఇద్దరూ రైల్వే క్వార్టర్ల మీదుగా నడుస్తుంటే ఒక వరండాలోంచి మాల్యాద్రి ఎన్నడూ విననిదేదో వినబడింది. రేడియోలో వచ్చే పాటల వెనకాల ఎక్కడో అలాంటి చప్పుడు విన్నాడు గానీ, అది మనిషి చేతుల్లోంచి వస్తుందని అతనికి తెలియదు. బనీనుతో కూర్చుని గిటారు వాయించుకుంటున్న ఆయన పేరు జ్ఞానప్రకాశం. స్టేషన్లో గూడ్సు గుమాస్తా. మద్రాసు వైపునుంచి బదిలీ మీద వచ్చినవాడు.

"సారూ, మావోడు ఈడ మొలేసినట్టు నిలబడిపోయినాడు. కాసేపు విననీండి" అన్నాడు చిన్నపోలయ్య.

ఆయన నవ్వి, వినడం దేనికి, పట్టుకొమ్మని గిటారు ఒళ్ళో పెట్టాడు. ఇక్కడ నొక్కు, అక్కడ మీటు అని చూపించాడు. కొత్తగా పట్టినవాళ్ళకు ఇనుప తీగ వేలికి కోసుకుని కళ్ళవెంట నీళ్ళొస్తాయట. మాల్యాద్రికి ఏమీ కాలేదు. వల తాళ్ళు లాగి లాగి వాడి వేళ్ళు అప్పటికే మొద్దుబారి ఉన్నాయి. "ఈ చెయ్యి నాకు ఉండి ఉంటే రెండేళ్ళు మిగిలేవి" అన్నాడు జ్ఞానప్రకాశం. ఇంకో ఆదివారం కూడా రమ్మన్నాడు.

ఆ తర్వాత చిన్నపోలయ్యకు గూడూరులో పనులు ఎక్కువయ్యాయి. ఎండుచేపలు లేకపోయినా పనే. పోయినప్పుడల్లా జ్ఞానప్రకాశం గారింటికి ఒక వంజరం చేపో, దోసెడు రొయ్యలో పట్టుకుపోయేవాడు. ఆయన మాల్యాద్రికి నేర్పుతుంటే తను వరండా కింద గొంతుక్కూర్చుని బీడీ కాల్చుకుంటూ వినేవాడు. ఏమీ అర్థమయ్యేది కాదు. "బాగుండాదిరా, ఆపబాక" అనేవాడు. ఏడాది తిరిగేసరికి జ్ఞానప్రకాశం తన పాత గిటారు వాడికే ఇచ్చేశాడు. ఉప్పుగాలికి తీగలు తుప్పు పట్టకుండా గురవమ్మ దాన్ని కొబ్బరినూనె గుడ్డతో తుడిచి, తన పాత చీరలో చుట్టి దూలానికి వేలాడదీసేది.

యాభై ఎనిమిది కార్తీకంలో వాయుగుండం పట్టింది. ముందురోజు తెప్ప మీద పోయిన చిన్నపోలయ్య తిరిగి రాలేదు. తెప్ప దుంగలు రెండు మాత్రం దక్షిణాన ఎక్కడో ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. మనిషి దొరకలేదు.

ఇక్కడ ఆ పాళెం పద్ధతి ఒకటి చెప్పాలి. ఆ ఊళ్ళో ఆడది మొగుడి పేరు నోట పలకదు. ఆయన అంటుంది, మా ఇంటాయన అంటుంది, చచ్చినా పేరెత్తదు. శవం దొరక్కుండా మొగుడు సముద్రంలో పోయినప్పుడు మాత్రం ఆమె ఒడ్డున తూర్పుముఖంగా కూర్చుని, పేరు పెట్టి పిలుస్తూ రాగం తీయాలి. ఎవర్ని తిరిగి ఇవ్వమంటున్నదో సముద్రానికి తెలియాలి గదా. కర్మ జరిగే రోజు వరకు పిలుస్తుంది. ఆ రోజు బొమ్మను చేసి నీళ్ళలో వదిలాక ఇంక పిలవకూడదు. మగవాళ్ళు ఆ దరిదాపులకు రారు. అది ఆడవాళ్ళ పని.

మాల్యాద్రి వచ్చాడు. పదహారేళ్ళ వాణ్ణి ఎవరు ఎన్ని చెప్పినా అక్క పక్కనుంచి లేపలేకపోయారు. గురవమ్మ తీసిన రాగం అతను మొదటినుంచి చివరిదాకా విన్నాడు. తెడ్డు బరువైందా అని అడిగింది. చద్దిలో మిరపకాయ పెట్టడం మరిచిపోయానని కోపమా అని అడిగింది. ప్రతి మాట చివరా "చిన్నపోలయ్యా" అని పిలిచేది. ఎన్నడూ పలకని పేరు గదా, మొదటిరోజు నోరు తిరగలేదు. తర్వాత తర్వాత ఆ పేరే పాటయిపోయింది. పైనెక్కడో ఎత్తుకుని మెల్లగా కిందికి దించుకుంటూ, ఊపిరి అయిపోయేదాకా లాగేది. ఆ చివర వినబడీ వినబడకుండా అలల్లో కలిసిపోయేది.

కర్మ రోజు సాయంత్రం పేరమ్మవ్వ వచ్చి గురవమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. పాళెంలో అందరికంటే పెద్దది పేరమ్మవ్వ. "చాల్లేమ్మా. ఇంక పిలవబాక. ఇంక పిలిస్తే ఆడికి పోలేడు, ఈడికి రాలేడు, నడినీళ్ళలో నిలబడిపోతాడు." గురవమ్మ నోరు మూసుకుంది. మళ్ళీ ఆ రాగం ఆమె నోట ఎవరూ వినలేదు.

మాల్యాద్రి సముద్రం మీదికి పోయాడు, వలలు లాగాడు, అక్కకు అన్నం పెట్టాడు. వీలున్నప్పుడు గిటారు వాయించుకున్నాడు. అరవై ఒకటిలో కోటలో పద్మనాభయ్య పాటల పార్టీ పెట్టాడు. వరి పొలాలున్న ఆసామి, హార్మోనియం పిచ్చి. పొలం పని చేస్తే పండేది కాదుగానీ హార్మోనియం మాత్రం బాగా వాయించేవాడు. తబలాకు హజరత్తయ్య, పాడేదానికి నెల్లూరునుంచి పుష్పకుమారి. చేపలు పట్టేవాళ్ళ పిల్లగాడికి గిటారు వచ్చునని ఎవరో చెబితే పద్మనాభయ్య నమ్మక, బండి కట్టుకుని పాళెం వచ్చి విని మరీ తీసుకుపోయాడు.

ఆ రోజుల గురించి మాల్యాద్రి ఎవరితోనూ మాట్లాడడు గానీ, ఒంటరిగా ఉన్నప్పుడు తలుచుకోకుండా ఉండలేడు. చిట్టమూరు పెళ్ళి పందిట్లో మొదటిసారి కూర్చున్నప్పుడు భయానికి గిటారు మోకాలి మీదినుంచి జారింది. మైకులోంచి తన తీగ తనకే తిరిగి వినబడితే ఎవరో వేరేవాడు వాయిస్తున్నాడని తల తిప్పి చూశాడు. హజరత్తయ్య పక్కనుంచి "నువ్వేరా అది, కానీ" అన్నాడు. తర్వాత భయం పోయింది. పెట్రోమాక్సు వెలుతురు, దాని చుట్టూ పురుగులు, ముందు వరసలో నిద్రపోయే పిల్లలు, వెనకాల గోడలెక్కి కూర్చున్న కుర్రాళ్ళు. తను తీగ మీద వేలు జార్చగానే ఆ కుర్రాళ్ళు ఈల వేసేవాళ్ళు. ఆ ఈల కోసం మాల్యాద్రి ఎంత దూరమైనా నడిచేవాడు. పొద్దున వల లాగి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఒంటికి చేపల వాసన ఉందేమోనని పదిసార్లు చూసుకుని బయల్దేరేవాడు. గురవమ్మ నవ్వేది. "పెళ్ళికొడుకు మాదిరి ఉండావు, పో" అనేది.

అరవై రెండులో కోటలో శ్రీరామనవమి పందిరి. జనం ఇసుక వేస్తే రాలనంతగా వచ్చారు. నెల్లూరు బస్సు దారిలో చెడిపోయి పుష్పకుమారి రాలేదు. పద్మనాభయ్య ఉన్నవన్నీ వాయించేశాడు. జనం గోల మొదలుపెట్టారు. "ఏదో ఒకటి వాయించురా, ఆమె వచ్చేదాకా నిలబెట్టు" అని మాల్యాద్రిని ముందుకు తోశాడు.

మాల్యాద్రికి నేర్చుకున్నదంతా మరిచిపోయినట్టయింది. బుర్ర ఖాళీ. వేళ్ళు మాత్రం వాటంతటవే ఎక్కడికో పోయి ఏదో పట్టుకున్నాయి. తీగ మీద రెండు మెట్లు దిగేసరికి అదేంటో అతనికి తెలిసింది. అక్క రాగం. ఆపేద్దామనుకున్నాడు. కానీ జనం గోల ఆగిపోయింది. ఏడుస్తున్న చంటిపిల్లలు కూడా ఆగినట్టు అనిపించింది అతనికి. ఆ నిశ్శబ్దం చూసి హజరత్తయ్య ఉత్సాహంగా తబలా అందుకున్నాడు. నడక పెరిగింది. పేరు వచ్చే చోట మాల్యాద్రి వేలు పైనుంచి కిందికి జార్చాడు. గోడమీది కుర్రాళ్ళు ఒక్కసారిగా ఈల వేశారు. అంత ఈల అతను అంతకుముందు వినలేదు.

దానికి జనమే సముద్రం పాట అని పేరు పెట్టారు. తర్వాత ఎక్కడికి పోయినా అది వాయించందే వదిలేవాళ్ళు కాదు. వాయించేకొద్దీ పాట నున్నగా తయారైంది. పేరు పిలిచే చోట గురవమ్మ ఊపిరి అయిపోయేదాకా లాగేది గదా, తబలాకు అంత సేపు ఆగడం కుదరదు. "ఆడ సాగదీయబాక, జనం చల్లబడతారు. సగంలో తుంచు, నేను దెబ్బ వేస్తా" అన్నాడు హజరత్తయ్య. తుంచితే నిజంగానే ఈల రెట్టింపయింది.

తప్పని మాల్యాద్రికి తెలియదా అంటే తెలుసు. కొన్నాళ్ళు అన్నం సయించలేదు. ఆ తర్వాత తనకు తాను ఒక సమాధానం కుదుర్చుకున్నాడు. మాటలు లేవు గదా, పేరు లేదు గదా, ఒట్టి తీగ చప్పుడు శోకం ఎట్టవుతుంది? నోటితో పిలిస్తే పిలుపుగానీ వేలితో మీటితే పిలుపేంది? పాళెం మగవాళ్ళు ఒకరిద్దరు కోటలో అది విన్నారు, భలే ఉందన్నారు. శోకాల దగ్గర కూర్చోనివాళ్ళకు అది ఎక్కడిదో ఎలా తెలుస్తుంది! కూర్చున్న ఆడవాళ్ళు కోట పందిళ్ళకు రారు. గురవమ్మ సరేసరి, కర్మ జరిగినప్పటినుంచి పాళెం దాటలేదు. కాబట్టి ఎవరికీ తెలియదు. ఎవరికీ తెలియనిది తప్పెలా అవుతుందని అతని ధైర్యం.

అరవై నాలుగులో పులికాటు సరస్సు వైపు ఊరినుంచి చెంగయ్య వచ్చాడు. భార్య పోయినవాడు, నెమ్మదస్తుడు. గురవమ్మను మారుమనువు చేసుకుంటానని పెద్దలతో అడిగించాడు. ఆమె మొదట కాదంది. చెంగయ్య బలవంతం చేయలేదు, అలాగని రావడమూ మానలేదు. వచ్చినప్పుడల్లా కాసేపు కూర్చుని, వాళ్ళ సరస్సులో నీళ్ళు మోకాటిలోతేనని, అక్కడ మనిషి మునగాలంటే పడుకోవాలని చెప్పి నవ్వించి పోయేవాడు. ఆ మాటకు గురవమ్మ మెత్తబడింది. ఒకరోజు తమ్ముడికి అన్నం వడ్డిస్తూ, "మోకాటిలోతు నీళ్ళంట" అంది. మాల్యాద్రికి అర్థమైంది. ఆరేళ్ళుగా అక్క ముఖంలో చూడనిది ఆ పూట చూశాడు. కంచం ముందు కూర్చుని ఏడ్చేశాడు.

మారుమనువుకు ఆ ఊళ్ళో మేళం పెట్టరు, పందిరి వెయ్యరు. దీపాలు పెట్టే వేళకు నలుగురు పెద్దలు కూర్చుంటారు, కొత్త చీర కట్టించి తాళి కట్టించి పంపేస్తారు. మాల్యాద్రికి అది నచ్చలేదు. "మా అక్క ఏమన్నా దొంగతనంగా పోతుండాదా? ఊరూరా పెళ్ళిళ్ళకు వాయించి, మా ఇంట్లో పెళ్ళికి చేతులు ముడుచుకుని కూచోమంటారా?" అని ఎగిరాడు.

"మేళం వద్దురా. చప్పుడు లేకుండా పోవాల ఇదంతా" అంది పేరమ్మవ్వ.

"ఇది మేళం కాదవ్వా, పాటకచేరి."

చివరికి గురవమ్మను అడిగారు. ఆమె "వాయించనీండవ్వా. వాడు వాయించేది నేను ఒక్కసారీ వినలేదు" అంది.

పద్మనాభయ్య పార్టీ మైకుసెట్టుతో సహా బండ్లమీద దిగింది. పొద్దు వాలకముందే ఇసుకలో జంపఖానా పరిచారు. చెంగయ్య తరపు కుర్రాళ్ళు వరసగా కూర్చున్నారు. ఇంట్లో గురవమ్మకు ఆడవాళ్ళు పసుపు రాస్తున్నారు. పుష్పకుమారి రెండు పాటలు పాడింది. మాల్యాద్రి ఒళ్ళు మరిచిపోయి వాయించాడు. తలుపు సందులోంచి అక్క తొంగిచూసి, నవ్వి, మళ్ళీ లోపలికి పోవడం అతను చూశాడు. అతని బతుకులో అంత సంతోషం అదే ఆఖరు.

అప్పుడు చెంగయ్య తరపు కుర్రాడొకడు లేచి, "సముద్రం పాట!" అన్నాడు. పక్కవాళ్ళు అందుకున్నారు. "సముద్రం పాట! సముద్రం పాట!"

మాల్యాద్రి తల అడ్డంగా ఊపాడు. ఇంకోటి వాయిస్తానన్నాడు. వాళ్ళు వినలేదు. "సొంత ఊళ్ళో సిగ్గా ఏమిరా?" అన్నాడు పద్మనాభయ్య. హజరత్తయ్య అప్పటికే తబలా మీద నడక మొదలుపెట్టాడు. మాల్యాద్రి ఇంటివైపు చూశాడు. తలుపు మూసి ఉంది. లోపల ఆడవాళ్ళ నవ్వులు. ఈ హోరులో, ఈ పరుగులో ఆమెకేం తెలుస్తుందిలే అనుకున్నాడు. ఇది అతను పైకి చెప్పుకున్న కారణం. అసలు కారణం వేరే ఉంది. పుట్టిపెరిగిన ఊళ్ళో, వలలు లాగడం రాదని తిట్టినవాళ్ళందరి ముందు, ఆ ఈల ఒక్కసారి వినాలని అతనికి ఉంది. మీటాడు.

పేరు మొదటిసారి వచ్చేసరికి లోపల నవ్వులు ఆగాయి. రెండోసారి వచ్చేసరికి తలుపు తెరుచుకుంది. గురవమ్మ గడపలో నిలబడింది. ముఖాన పసుపు ఆరలేదు, కొత్త చీర సగమే కట్టి ఉంది. మాల్యాద్రి ఆమెను చూశాడు. చూసి కూడా ఆపలేదు. ఈ సంగతి పాళెంలో ఎవరికీ తెలియదు, అందరూ అతను తల వంచుకుని వాయిస్తున్నాడనే అనుకున్నారు. అతను చూశాడు. కుర్రాళ్ళు చప్పట్లు కొడుతున్నారు, తబలా పరుగెడుతోంది, ముగింపుకు ఇంకా రెండు వరసలే ఉన్నాయి. చివరి పేరు దగ్గర వేలు జార్చి, సగంలో తుంచి, దెబ్బతో ముగించాడు. ఈలలు పడ్డాయి. అవి ఆగాక గానీ చెయ్యి కిందికి దించలేదు.

గురవమ్మ అతని దగ్గరికి నడిచి వచ్చింది. గొంతు పెంచలేదు.

"ఆయన్ను ఎందుకు పిలిచినావురా?"

"అక్కా, మాటలు లేవక్కా. ఒట్టి రాగం. పేరు తీసేసినా."

"మాటలు తీసేసినావు. పేరు యాడ తీసినావు? నాకు వినబడలా?"

జనానికి ఏమీ అర్థం కాలేదు. పేరమ్మవ్వకు అర్థమై నెత్తి కొట్టుకుంది. గురవమ్మ అందరిలోంచి నడుచుకుంటూ పోయి, ఒడ్డున, ఆరేళ్ళ క్రితం కూర్చున్నట్టే తూర్పుముఖంగా కూర్చుంది. రాగం తీయలేదు, ఊరికే కూర్చుంది. చెంగయ్య పోయి కాస్త దూరంలో నిలబడి పిలిచాడు. పెద్దలు బతిమాలారు. "పిలవనైతే పిలిచినాం. ఆయన ఇటు మళ్ళుకోనుంటాడు. వచ్చి చూసుకుంటే నేను లేకపోతే ఎట్టా?" అంది. మనువు ఆగిపోయింది. చెంగయ్య ఆ తర్వాత కూడా రెండుసార్లు వచ్చాడు. రెండోసారి గురవమ్మ అతనికి మజ్జిగ ఇచ్చి, ఇంక రావద్దని మర్యాదగా చెప్పింది. మరుసటేడు అతను వేరే మనువు చేసుకున్నాడని తెలిసింది.

మాల్యాద్రి గిటారు తీసుకుపోయి జ్ఞానప్రకాశం గారికి ఇచ్చేశాడు. పద్మనాభయ్య మనిషిని పంపితే ముఖం చాటేశాడు. ఇంట్లో మాత్రం ముఖం చాటేసేందుకు చోటు లేదు. గురవమ్మ అతన్ని ఒక్క మాట అనలేదు. ఎప్పట్లాగే అన్నం పెట్టేది, చేపలో తోక ముక్క అతనికిష్టమని తోకముక్కే వేసేది. తిడితే బాగుండునని అతను కాచుకుని కూర్చునేవాడు. కావాలని కూరలో ఉప్పు లేదని వంకపెట్టేవాడు. ఆమె ఉప్పు తెచ్చి వేసేది. చేతులారా అక్క సంసారాన్ని చెడగొట్టినవాడికి అక్క చేతి కూడు తినడంకంటే శిక్ష ఏముంటుంది? అయినా తిన్నాడు, ఆకలి ఆగదు గదా. దానికీ సిగ్గుపడ్డాడు.

అరవై తొమ్మిది ఎండాకాలంలో, ఒక మధ్యాహ్నం ఇసుకలో చేపలు ఆరబెడుతూ గురవమ్మ ఉన్నట్టుండి అడిగింది.

"అబ్బయ్యా, నీ గిటారు ఇంకా ఉండాదా?"

"ఎందుకక్కా?"

"నా పాట నాకు రావడం లేదురా. పైకి పాడనులే, పాడకూడదు. లోలోపల అనుకునేదాన్ని. ఈ ఐదేళ్ళనుంచి అనుకుందామంటే నీ పాటే వస్తాది, ఆ తబలా చప్పుడుతో సహా. ఆయన మొఖం తలుచుకున్నా అదే. నాది ఎట్టుండేదో మరుపొచ్చేసింది. నువ్వు పక్కన కూచోని అంతా విన్నోడివి. నీకు తెలిసుంటాది. ఒక్కసారి నాది నాకు వినిపీ."

"ఇంకోసారి ఆయన్ను పిలిచినట్టవదా అక్కా?"

"పిలిచేసినాము గదా. ఇంక కొత్తగా చెడేదేముండాది?"

అతను మర్నాడే గూడూరు పోయాడు. తల నెరిసిన జ్ఞానప్రకాశం లోపలికి పోయి గిటారు తెచ్చి ఇచ్చాడు, కొత్త తీగలు వేసి. దారి పొడుగునా మాల్యాద్రికి ఒకటే ఆశ. ఇన్నేళ్ళకు అక్క తనను ఒకటి అడిగింది. పోగొట్టిన సంసారం ఇవ్వలేడు, దీన్నయినా ఇవ్వగలడు. తను దొంగిలించినదే, తన దగ్గరే ఉండాలి.

ఒడ్డున ఆమె ముందు కూర్చుని మీటాడు. నెమ్మదిగా, తబలా లేకుండా, ఒక్కో మెట్టూ వెతుక్కుంటూ. పేరు దగ్గర వేలు పైనుంచి దించాడు. సగానికి రాగానే వేలు దానంతటదే ఆగిపోయింది.

"ఇది కాదు" అంది గురవమ్మ. "పేరు పూర్తిగా రాలేదు."

మళ్ళీ మీటాడు. మళ్ళీ సగంలో తెగింది. లేని తబలా దెబ్బ అతని చేతిలో పడుతూనే ఉంది. కళ్ళు మూసుకున్నాడు. ఆరోజు పక్కన కూర్చున్న పదహారేళ్ళ వాణ్ణి తలుచుకుని, వాడు విన్నది వినాలని చూశాడు. పెట్రోమాక్సులు కనిపించాయి. గోడమీది కుర్రాళ్ళ ఈలలు వినిపించాయి. అక్క గొంతు ఎక్కడా లేదు. నోటితో లాగి చూశాడు. నోరు కూడా అక్కడే తుంచేసింది.

"పోయిందక్కా. అరగదీసేసినా. నా దగ్గర కూడా లేదు" అన్నాడు. గిటారు పక్కనబెట్టి ముఖం మోకాళ్ళ మధ్య దాచుకున్నాడు.

గురవమ్మ వంగి గిటారు తీసి, ఇసుక దులిపి, అతని ఒళ్ళో పెట్టింది.

"ఏడవబాక. అదే వాయించు."

"ఏదక్కా?"

"ఆ పొద్దు వాయించిందే. ఇంక అదే గదా మిగిలింది. అందులో ఆయన సగమన్నా ఉండాడు."

అతను వాయించాడు. తబలా నడకలోనే, ఈలలకు కట్టిన వరసలోనే, పేరు సగంలో తుంచుతూ వాయించాడు. తుంచినప్పుడల్లా ఇప్పుడు ఆపమంటుందని ఎదురుచూశాడు. ఆమె ఆపమనలేదు.